ఖాళీ కాగితం మీద నది

మా అమ్మ నదిని వంటింటి బల్ల మీద గీసేది.
ఆస్టోరియాలో ఆ చలికాలమంతా వాన.
కిటికీ అవతలే అసలు నది ఉండేది గానీ
పొగమంచులో ఒక్కనాడూ సరిగా కనపడేది కాదు.

అప్పటికి అమ్మకి నలభై ఒకటి.
పద్దెనిమిదేళ్ళు టగ్ బోటు మీద తాళ్ళు లాగిన చేతులు
పెన్సిల్ పట్టుకోవడానికి సిగ్గుపడేవి.
పైలట్ పరీక్ష అంటే మరేం కాదు,
ఒక ఖాళీ కాగితం ఇస్తారు.
లేచేసరికి దాని మీద నది ఉండాలి:
ప్రతి బోయా, ప్రతి దీపం,
వంతెన కింద ఎంత ఎత్తు ఓడ పడుతుందో,
నీళ్ళ కింద పడుకున్న ఇసుకతిన్నెలు ఒక్కటీ వదలకుండా.

మొదటి నెలంతా చార్టు ముందేసుకుని
పసుపు గీతలు గీసింది.
చదివిందే చదివింది.
"వచ్చేసిందే, మొత్తం వచ్చేసింది" అంది.
హాపాల తాత వచ్చి
తడిసిన టోపీ కుర్చీకి తగిలించి
మాట్లాడకుండా చార్టు మడిచి
దాని మీద కూర్చున్నాడు.
"ఇప్పుడు గియ్యి."

అమ్మ గీసింది ఒక వానపాముని.

"గుర్తుపట్టడం వేరు టూలీ, గుర్తుండడం వేరు.
ఎదురుపడ్డ మనిషిని చూసి నవ్వేస్తాం,
పేరేమిటంటే నీళ్ళు నములుతాం."

ఆ రోజు నుంచీ చార్టు నా దగ్గరే.
నాకు తొమ్మిదేళ్ళు, నేనే పరీక్షాధికారిని.
ముందు గీయాలి, చూడ్డం తర్వాత.
తప్పు దొరికితే ఎర్ర పెన్సిల్‌తో సున్నా చుట్టేదాన్ని.
తప్పుకొక ఏలకుల రొట్టె ముక్క నాకు జరిమానా.
క్రిస్మస్ నాటికి నా గౌన్లన్నీ బిగుతైపోయాయి.

"వరసలో అడక్కు," అన్నాడు తాత.
"ఓడ కింద నుంచీ వస్తుంది, పై నుంచీ వస్తుంది,
అర్ధరాత్రి నదికి నడిమధ్య నిద్రలేచీ వస్తుంది."
అందుకని స్నానాల గది తలుపు బయట నిలబడి అరిచేదాన్ని:
"ఇరవై రెండో బోయా?"
"ఎరుపు!"
"వంతెన దాటాక ఎడమవైపు పచ్చ దీపం ఎన్ని సెకన్లకి?"
నోటి నిండా పేస్టు నురగతో, "నాగు... నాలుగు!"

బాగా వచ్చిన మలుపుని
నాలుగు రోజులు ముట్టుకోనిచ్చేవాడు కాదాయన.
"కాస్త మరిచిపోనీ.
జారిపోబోతుండగా లాగితేనే
వల బరువు చేతికి తెలుస్తుంది."

రెండింటిదాకా మేలుకున్న రాత్రి మాత్రం కోప్పడ్డాడు.
"నువ్వు పడుకున్నాకే నది నీలో సర్దుకునేది.
దాని పని దాన్ని చేసుకోనీ."

మార్చిలో పరీక్ష తప్పింది.
ఒకే ఒక్క ఇసుకతిన్నె,
జాలర్లు చేపతోక అంటారు,
అది కాగితం మీదకి రాలేదు.
ఇంటికొచ్చి కోటైనా విప్పకుండా
బల్ల దగ్గర కూర్చుని దాన్నే గీసింది.
చుక్కలు చుక్కలుగా నీళ్ళు కోటు నుంచి నేల మీదకి.
నేను ఎర్ర పెన్సిల్ దాచేశాను.
"తే," అంది. "ఇంకోటి అడుగు."

సెప్టెంబరులో పాసయింది.
పాతికేళ్ళుగా ఓడలు తీసుకొస్తోంది, తీసుకుపోతోంది.
చేపతోక దగ్గర మాత్రం
కళ్ళు మూసుకుని కూడా దారి చెప్పగలదు.

నేను పళ్ళ డాక్టరు దగ్గర లెక్కలు రాస్తాను.
పడవెక్కితే వాంతులు నాకు.
పోయిన వారం బ్యాంకులో నా వంతు కోసం కూర్చుని
ఊరికే ఏదో ఫారం వెనక గీతలు గీస్తూ పోయాను.
నా టోకెన్ నంబరు రెండుసార్లు పిలిచారట, వినలేదు.
చూసుకుంటే
సముద్రం నుంచి వంతెన దాకా నది.
ఒక్కరోజూ చదవలేదు నేను.
అడిగానంతే.

సాయంత్రం తీసుకెళ్ళి అమ్మకి చూపించాను.
కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది.
డ్రాయరు వెతికి ఎర్ర పెన్సిల్ తీసి
తిన్నె కొస దగ్గర ఒక సున్నా చుట్టింది.
"ఇది మూడేళ్ళ కిందటే పడమటికి జరిగిపోయింది,"
అంటూ చెయ్యి చాచింది
రొట్టె ముక్క కోసం.